ధవళేశ్వరం హెచ్చరికను నాలుగు లాంగ్వేజ్‌లలో రాస్తే

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఇంజినీరింగ్ సీటు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తిరుగుతుంది. కాలేజీ తెరిచేలోపు ఖాళీగా కూర్చోవడమెందుకు, ఏదో ఒక కంప్యూటర్ లాంగ్వేజ్ మొదలుపెడితే పోలా? సరే, ఏది? హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మావయ్యను అడిగితే జావా అంటాడు. యూట్యూబ్‌ను అడిగితే పైథాన్ అంటుంది. పక్కింటి సీనియర్‌ను అడిగితే ‘ఏం నేర్చుకున్నా ఫస్ట్ సెమ్‌లో సి తప్పదురా’ అని నవ్వుతాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఉద్యోగాల మార్కెట్లో జావాకు ఇప్పటికీ గిరాకీ ఉంది. కొత్తవాళ్లకు పైథాన్ తేలిక. ఇక కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీల్లో, ఆర్23 సిలబస్ ప్రకారం, మొదటి ఏడాది ‘ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్’ పేపరు సి లోనే ఉంటుంది. భీమవరంలో చేరినా, రాజమండ్రిలో చేరినా, సూరంపాలెంలో చేరినా ఈ లెక్క పెద్దగా మారదు.

ఏది తేలిక అని వాదించుకోవడం కన్నా ఒకే పనిని అన్నిటిలోనూ చేసి చూడడం మేలు. పని కోసం దూరం వెళ్లక్కర్లేదు. ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహంలో చెప్పుకుంటే ఇవి సుమారుగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. లంకల్లో ఉండేవాళ్లకు ఈ అంకెలు కొత్తగా నేర్పక్కర్లేదు. మన ప్రోగ్రాం చేయాల్సిందల్లా మట్టం ఎంతో అడగడం, ఏ హెచ్చరిక అమల్లో ఉంటుందో చెప్పడం.

పైథాన్‌లో ఇది తొమ్మిది వరుసలు. (ఇఫ్, ప్రింట్ లాంటి లాంగ్వేజ్ మాటలను ఇక్కడ చదవడానికి తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్‌కు ఇచ్చేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.)

మట్టం = ఫ్లోట్(ఇన్‌పుట్())
ఇఫ్ మట్టం >= 17.75:
    ప్రింట్("మూడో ప్రమాద హెచ్చరిక")
ఎలిఫ్ మట్టం >= 13.75:
    ప్రింట్("రెండో ప్రమాద హెచ్చరిక")
ఎలిఫ్ మట్టం >= 11.75:
    ప్రింట్("మొదటి ప్రమాద హెచ్చరిక")
ఎల్స్:
    ప్రింట్("హెచ్చరిక లేదు")

ఇంటర్‌లో ఎంపీసీ కాదు, బైపీసీ చదివినవాళ్లు చూసినా ఇందులో ఏం జరుగుతోందో సగానికి పైగా ఊహించగలరు. మూడు అంకెలూ తీసేసి 43, 48, 53 పెడితే ఇదే ప్రోగ్రాం భద్రాచలానికి పనికొస్తుంది. అక్కడి హెచ్చరికల మట్టాలు అవి.

పైథాన్‌లోనూ కాలు జారే చోట్లున్నాయి. మొదటి వరుసలో ‘ఫ్లోట్’ మరిచిపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. కీబోర్డు మీద మనం 12.5 అని కొట్టినా పైథాన్ దాన్ని సంఖ్యగా తీసుకోదు, నాలుగు గుర్తుల వరసగా తీసుకుంటుంది. దాన్ని దశాంశంగా మార్చమని విడిగా చెప్పాలి. చెప్పకపోతే గుర్తుల వరసనూ సంఖ్యనూ పోల్చడం తన వల్ల కాదని, ఏ వరుసలో ఆగిపోయిందో చూపించి మరీ చెబుతుంది. ఇఫ్ కింది వరుసను కాస్త లోపలికి జరిపి రాయకపోయినా ఊరుకోదు. కోలన్ మరిచిపోతే పాత వెర్షన్లు ‘సింటాక్స్ తప్పు’ అని ముక్తసరిగా అని వదిలేసేవి. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఇక్కడ కోలన్ ఉండాలని తిన్నగా చెబుతోంది. చూడ్డానికి చిన్న మార్పే. ల్యాబ్‌లో అరవై మంది మధ్య ఒక్క సార్ ఉన్నప్పుడు మాత్రం ఈ మార్పు అరగంట మిగులుస్తుంది.

ఇప్పుడు సి. పైన హెడర్ ఫైలు, దాని కింద మెయిన్, బ్రేసులు, మట్టం ఏ రకం సంఖ్యో ముందే ప్రకటించడం, ప్రతి వాక్యం చివర సెమికోలన్. చదివి తీసుకోవడానికి ‘స్కాన్ఎఫ్’ వాడాలి, అందులో శాతం గుర్తుతో ఏ రకమో చెప్పాలి, మట్టం పేరు ముందు యాండ్ గుర్తు పెట్టాలి. ఆ యాండ్ గుర్తు ఎందుకో అర్థం కావాలంటే మెమరీ, అడ్రస్ అంటే ఏమిటో తెలియాలి. అది సిలబస్‌లో ఎక్కడో పాయింటర్ల దగ్గరకు గానీ రాదు. అందుకే మొదటి వారంలో ‘అది అంతే, పెట్టాలి’ అని చెప్పి దాటేస్తారు. పిల్లలు బట్టీ పట్టేస్తారు. గుర్తు మరిచినా చాలాసార్లు ప్రోగ్రాం కంపైల్ అవుతుంది. రన్ చేశాక కుప్పకూలుతుంది, లేదా కూలకుండా ఏదో పిచ్చి సమాధానం ఇస్తుంది.

సెమికోలన్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మొదటి ఇఫ్ పక్కన అలవాటుగా సెమికోలన్ పెట్టేస్తే ఆ ఇఫ్ అక్కడితో ముగిసిపోతుంది. దాని కింద ఉన్న ఎల్స్‌కు జత ఉండదు. కంపైలర్ ఆ ఎల్స్ దగ్గర ‘మిస్‌ప్లేస్డ్ ఎల్స్’ అని అరుస్తుంది. తప్పు ఒక వరుసలో, ఫిర్యాదు ఇంకో వరుసలో. కుర్రాడు ఎల్స్ వైపే చూస్తూ కూర్చుంటాడు, అక్కడ ఏ తప్పూ కనబడదు. అదే సెమికోలన్ చివరి ఎల్స్ పక్కన పడితే ఫిర్యాదు కూడా ఉండదు. 18 అడుగులు ఇస్తే ‘మూడో ప్రమాద హెచ్చరిక’ అని ఒక వరుస, దాని కిందనే ‘హెచ్చరిక లేదు’ అని ఇంకో వరుస వస్తాయి.

మట్టానికి బదులు ప్రవాహం ఇద్దామనుకుంటే టర్బో సి తన వయసు చూపిస్తుంది. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన కంపైలర్ అది. ఇప్పటికీ కొన్ని ల్యాబుల్లో కనబడే ఆ నీలి తెర డాస్ కాలం నాటిది. 64 బిట్ విండోస్ మీద అది నేరుగా నడవదు, డాస్‌బాక్స్ లాంటి తొడుగు వేయాలి. దానిలో ‘ఇంట్’ అంటే 16 బిట్లు, అంటే -32,768 నుంచి 32,767 వరకు మాత్రమే. మూడో హెచ్చరిక ప్రవాహం 17 లక్షలను అందులో పెడితే లోపల మిగిలేది -3,936. గోదావరి వెనక్కి పారుతున్నట్టు! పది లక్షలు పెడితే 16,960 అవుతుంది, అది నమ్మేలా ఉంది కాబట్టి ఇంకా ప్రమాదం. నేటి జీసీసీ కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు కాబట్టి దాదాపు 214 కోట్ల దాకా ఇబ్బంది లేదు. పైథాన్‌లో పూర్ణసంఖ్యకు ఇలాంటి గీతే లేదు, మెమరీ ఉన్నంతవరకు పెరుగుతుంది.

ఇదంతా చెప్పి సి పనికిరానిదనడం నా ఉద్దేశం కాదు. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేసింది యూనిక్స్ రాసుకోవడానికి, మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల కోసం కాదు. రాసేవాడికి యంత్రం తెలుసని సి నమ్ముతుంది. ఆ నమ్మకమే దాని బలం. పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను సి లోనే రాశారు. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ గడప తొక్కాల్సిందే. ఎప్పుడన్నదే ప్రశ్న.

జావా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మట్టం ఎంతని అడగడానికి ముందే పబ్లిక్, క్లాస్, స్టాటిక్, వాయిడ్, స్ట్రింగ్ అన్న మాటలు రాయాలి. ఒక్కొక్కటీ ఒక్కో పాఠం. ఇది కొత్తవాళ్లకు బరువని జావా తయారుచేసేవాళ్లకూ తెలుసు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో చిన్న ప్రోగ్రాములకు క్లాసు ప్రకటన లేకుండా నేరుగా మెయిన్‌తో మొదలుపెట్టే వీలు అధికారికంగా ఇచ్చారు. సిలబస్ పుస్తకాల దాకా అది రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మరి.

జావాస్క్రిప్ట్‌కు ఒక పెద్ద సుగుణం ఉంది. బ్రౌజర్ ఉంటే చాలు, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, రాసింది తెర మీద బొమ్మగా, బటన్‌గా కనబడుతుంది. పిల్లలకు ఆ ఆనందం వేరు. బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో దాని తొలి రూపం రాసేశాడు, ఆ తొందర తాలూకు గుర్తులు ఇంకా ఉన్నాయి. మనం టైపు చేసిన 11కు 2 అడుగులు కలపమంటే అది 112 అంటుంది. గుర్తుల వరసకు సంఖ్యను కలపమంటే పైథాన్ ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ మారు మాట్లాడకుండా పక్కపక్కన అతికించేస్తుంది. ఎదుటివాడు నొచ్చుకుంటాడని తప్పును తప్పనకుండా తలూపే మర్యాద అది. నేర్చుకునేవాడికి మాత్రం అంతకు మించిన అన్యాయం లేదు.

ఇవి నా ఇష్టాయిష్టాలేనా అంటే, కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో ఆండ్రియాస్ స్టెఫిక్, సుసానా సీబర్ట్ 2013లో ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించారు. ప్రోగ్రామింగ్ అసలు తెలియనివాళ్లకు రకరకాల లాంగ్వేజ్‌లు ఇచ్చి చిన్న పనులు చేయించారు. వాటిలో రాండమో అనేది ఒకటి. దాని గుర్తుల్లో చాలావాటిని చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచారు, అర్థం పర్థం ఉండదు. పైథాన్, రూబీ, క్వోరం ఇచ్చినవాళ్లు రాండమో వాళ్ల కన్నా స్పష్టంగా బాగా రాశారు. సి మార్కు బ్రేసులు, సెమికోలన్‌లు ఉన్న జావా, పెర్ల్ ఇచ్చినవాళ్లు రాండమో వాళ్లను లెక్కలోకి వచ్చేంతగా మించలేకపోయారు. అంటే కొత్తవాడి కంటికి ఆ గుర్తులు చీట్లు తీసి పెట్టిన గుర్తుల్లాంటివే. పనిని మళ్లీ మళ్లీ చేయమనడానికి ‘ఫర్’ కంటే ‘రిపీట్’ అన్న మాటే కొత్తవాళ్లకు సహజంగా తోస్తుందని కూడా వాళ్ల పరిశీలనలో బయటపడింది.

అయితే ఇక్కడే ఇంకో అధ్యయనాన్ని పక్కన పెట్టి చూడాలి. వాట్సన్, లీ అనే ఇద్దరు 15 దేశాల్లోని 161 తొలి ప్రోగ్రామింగ్ కోర్సుల ఫలితాలు పోగేసి 2014లో ప్రచురించారు. సగటున పాసైనవాళ్లు 67.7 శాతం, అంటే మూడింట ఒకరు తప్పుతున్నారు. ఏ లాంగ్వేజ్‌లో బోధించారన్నదాన్ని బట్టి ఈ శాతం చెప్పుకోదగ్గంతగా మారలేదు! అదే ఏడాది పరిశోధకుడు ఫిలిప్ గువో అమెరికాలోని 39 ప్రముఖ కంప్యూటర్ సైన్స్ విభాగాలను చూస్తే 27 చోట్ల తొలి కోర్సుల్లో పైథాన్ ఉంది. ఊళ్లకు ఊళ్లు పైథాన్‌కు మారుతున్నాయి, తప్పేవాళ్లు మాత్రం తప్పుతూనే ఉన్నారు.

స్టెఫిక్ ప్రయోగం, ఈ పాస్ శాతాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనబడతాయి గానీ, మన వరద ప్రోగ్రాంలోనే జవాబు ఉంది. ఇఫ్‌ల వరస తిప్పి చూడండి. ముందు 11.75 అడిగి, తర్వాత 13.75, ఆ తర్వాత 17.75 అడిగారనుకోండి. చదవడానికి ఇదే సహజంగా ఉంటుంది, ఎందుకంటే వరద కూడా ఆ వరసలోనే పెరుగుతుంది. చాలామంది మొదటిసారి ఇలాగే రాస్తారు. ఇప్పుడు 18 అడుగులు ఇవ్వండి. మొదటి ప్రశ్నకే ‘అవును’ వచ్చేసింది కాబట్టి ప్రోగ్రాం ‘మొదటి ప్రమాద హెచ్చరిక’ అని చెప్పి ఆగిపోతుంది. లంకల్లోంచి పశువులను గట్టు దాటించాల్సిన సమయంలో, ఇంకా చూద్దాంలే అన్నట్టు. పైథాన్‌లో రాసినా, సి లో రాసినా, జావాలో రాసినా అదే తప్పు, అదే సమాధానం. ఒక్క లాంగ్వేజ్ కూడా ఎర్రర్ ఇవ్వదు. ఎందుకంటే లాంగ్వేజ్ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు.

యంత్రం పైనుంచి కిందికి ఒక్కో వరుసా చదువుతుందని, ఒక ఇఫ్ నిజమైతే మిగతా ఎలిఫ్‌ల ముఖం చూడదని మనసులో ఒక బొమ్మ ఉండాలి. విద్యా పరిశోధకుడు బెనెడిక్ట్ డు బులే 1980ల్లోనే దీన్ని ‘నోషనల్ మెషీన్’ అన్నాడు. మన కుర్రాళ్లు ‘లాజిక్ రావడం లేదు సార్’ అనేది దీని గురించే. సులువైన లాంగ్వేజ్ సెమికోలన్‌ల ముళ్లు తీసేసి త్వరగా ఈ చోటికి తీసుకొస్తుంది. ఇక్కడి నుంచి దాని సాయం తక్కువ. మూడింట ఒకరు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడేనని నా అనుమానం.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక విషయం. హెచ్చరికల మట్టాలు మూడూ .75తో ముగియడం ప్రోగ్రాం రాసేవాళ్ల అదృష్టం. ముప్పావు అంటే అర, పావు కలిస్తే వచ్చేది, కంప్యూటర్ బైనరీలో దాన్ని పొల్లు పోకుండా దాచుకోగలదు. 11.7 అయి ఉంటే కుదరదు, దగ్గరి విలువేదో దాచుకుంటుంది. 0.1కి 0.2 కలపమంటే పైథాన్ 0.30000000000000004 అనేది అందుకే. సి లో ‘ఫ్లోట్’గా దాచిన 0.7ను మామూలు 0.7తో పోలిస్తే రెండూ సమానం కావు. యశవంత్ కనేత్కర్ పుస్తకాలతో ప్లేస్‌మెంట్లకు చదువుకున్న తరానికి ఈ ప్రశ్న బాగా గుర్తుంటుంది.

తేలిక లాంగ్వేజ్ కోసం వెతుకులాట కొత్తది కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థులు కూడా వాడగలగాలని బేసిక్‌ను తయారుచేశారు. అది 1964 మే 1 తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదటిసారి నడిచింది. 1984లో మన కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చినప్పుడు పిల్లలు నేర్చుకున్నదీ బేసిక్కే. దానితో మొదలుపెట్టినవాళ్ల బుర్ర ఇక బాగుపడదని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లోనే వెక్కిరించాడు. అయినా ఆ తరంలో మంచి ప్రోగ్రామర్లు పుట్టారు.

పైథాన్ కూడా ఇలాంటి వెతుకులాటలోంచే వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో ఏబీసీ అని కొత్తవాళ్ల కోసం ఒక లాంగ్వేజ్ ఉండేది. దాని మీద పనిచేసిన గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో సొంతంగా ఒకటి మొదలుపెట్టి 1991 ఫిబ్రవరిలో బయటపెట్టాడు. బ్రేసుల బదులు వరుసను లోపలికి జరిపి రాయడం ఏబీసీ నుంచి తెచ్చుకున్నదే. ఏబీసీ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మన తెలుగువాళ్ల సంగతికొస్తే, తేలికను చూసి లాంగ్వేజ్ ఎంచుకున్న సందర్భాలు తక్కువ. 1990ల చివర వై2కే గండం తరుముకొస్తుంటే డెల్టా ఊళ్లలోని కుర్రాళ్లు అమీర్‌పేటలో గది తీసుకుని కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకున్నారు. తమ కన్నా వయసులో పెద్దదైన లాంగ్వేజ్. వీసా ఎటుంటే అటు. తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్, ఇప్పుడు డేటా సైన్స్. బోర్డులు మారాయి, మెట్లు అవే.

ఇంతకీ ‘తేలిక’ అంటున్నది ఎవరికి? పైథాన్ ఇంగ్లీషులా చదువుకోవచ్చని పొగుడుతారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి అది సుగుణమే. రాజోలు దగ్గరి ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి? పైథాన్‌లో కీవర్డులు 35, పాత సి లో 32. ఆ పాటి మాటలు వారంలో వచ్చేస్తాయి, అది పెద్ద అడ్డు కాదు. ఎర్రర్ మెసేజ్, ఇంటర్నెట్‌లో దొరికే వివరణ, సార్ చెప్పే పాఠం మొత్తం ఇంగ్లీషులో ఉండడమే అసలు అడ్డు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం గురించి ఫిలిప్ గువో 2018లో ప్రచురించిన సర్వేకు 86 దేశాల నుంచి 840 మంది జవాబిచ్చారు. పాఠాలు చదవడం, కోడ్ చదవడం, రాయడం, సాయం అడగడం, ఒకేసారి ఇంగ్లీషునూ ప్రోగ్రామింగ్‌నూ మోయడం వాళ్లు చెప్పిన కష్టాలు. రంగు దిమ్మలు అతికించి ప్రోగ్రాం చేసే స్క్రాచ్ వాడే పిల్లల మీద దాస్‌గుప్తా, హిల్ చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఐదు దేశాల్లో చూస్తే, స్క్రాచ్‌ను సొంత భాషలో పెట్టుకున్న పిల్లలు ఇంగ్లీషులోనే వాడే తమ దేశపు పిల్లల కన్నా త్వరగా కొత్త అంశాలు పట్టుకున్నారు.

తమిళంలో ముత్తు అన్నామలై ‘ఎళిల్’ అని పూర్తి తమిళ కీవర్డులతో లాంగ్వేజ్ చేశారు. నెదర్లాండ్స్‌లో ఫెలీన్ హెర్మన్స్ 2020లో మొదలుపెట్టిన హెడీ మెట్టుమెట్టుగా పైథాన్ వైపు నడిపిస్తుంది, హిందీ, అరబిక్ లాంటి భాషల్లో కీవర్డులు రాయనిస్తుంది. తెలుగులో ఆ స్థాయిలో నిలదొక్కుకున్నది నాకు కనబడలేదు. కానీ మామూలు పైథాన్ 3లోనే సగం దారి ఉంది. పైన ప్రోగ్రాంలో ‘మట్టం’ అని తెలుగు అక్షరాల్లో రాశాను చూడండి, అది యథాతథంగా నడుస్తుంది. పేర్లు, ఔట్‌పుట్ తెలుగులో పెట్టుకోవచ్చు. టర్బో సి లో తెలుగు ఔట్‌పుట్ ఊసే ఉండదు.

చిన్న చిక్కులున్నాయి. ‘ఇన్‌ఫ్లో’ అని పేరు పెడితే పైథాన్ ఒప్పుకోదు, ఎందుకంటే ‘న్’ పొల్లు విడిగా నిలబడడానికి మన కీబోర్డు కంటికి కనబడని ఒక గుర్తును చొప్పిస్తుంది. పేర్లలో అది నిషిద్ధం. తెలుగు అంకెలదీ ఇలాంటి కథే. ౧౨ అని టైపు చేసి ఇస్తే చదువుకుని 12గా మార్చుకుంటుంది గానీ, ప్రోగ్రాం మధ్యలో ౧౨ అని నేరుగా రాస్తే తప్పంటుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు అక్షరాల లెక్క దగ్గర వస్తుంది. ‘గోదావరి’లో అక్షరాలు ఎన్ని? ఒకటో తరగతి పిల్లవాడు నాలుగు అంటాడు. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ ఏడు అంటాయి, గుణింతం గుర్తులను విడిగా లెక్కబెడతాయి కాబట్టి. సి లో యూటీఎఫ్-8 పద్ధతిన దాచి ‘స్ట్రెలెన్’ అడిగితే 21 అంటుంది, ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున. యాపిల్ వారి స్విఫ్ట్ మాత్రం మనలాగా నాలుగు అంటుంది. ప్రతి ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లోనూ ఉండే ఒక అభ్యాసం, ఇచ్చిన మాటను వెనక్కి తిప్పినా అదే వస్తుందో లేదో చూడడం. దానికి పైథాన్‌లో ఒక్క వరుస చాలని గొప్పగా చెబుతారు. ‘జలజ’ ఇవ్వండి, అవునంటుంది. ‘నటన’ ఇవ్వండి, అవునంటుంది. తెనాలి రామకృష్ణుడి పుణ్యమా అని తెలుగు పిల్లలందరికీ తెలిసిన ‘వికటకవి’ ఇవ్వండి. కాదంటుంది! తిప్పినప్పుడు గుడి వెళ్లి వేరే అక్షరం నెత్తిన కూర్చుంటుంది మరి. దీనికి విరుగుడు అక్షరాలను గుర్తించే లైబ్రరీలు వాడడం. అది రెండో నెల పాఠం. ఇంగ్లీషు వాడికి ఒక్క వరుసలో పోయేది మనకు రెండో నెల దాకా ఆగాలి.

చిన్నపిల్లలకైతే టైపింగే వద్దు. ఎంఐటీలో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో తెచ్చిన స్క్రాచ్‌లో రంగు దిమ్మలు ఒకదానికొకటి అతికిస్తూ పోతే ప్రోగ్రాం అవుతుంది. దిమ్మ పట్టని చోట పట్టదు, కాబట్టి సెమికోలన్ తప్పు, స్పెల్లింగు తప్పు అన్నవే రావు. నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంతకు మించింది నాకు తోచదు. ఆ వయసులో సి కోచింగులో వేసే తల్లిదండ్రులను చూస్తే జాలేస్తుంది.

ఇంటర్ దాటినవాళ్లకు నా ఓటు పైథాన్‌కే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండకపోవచ్చు, ఫోన్ మాత్రం ఉంటుంది. పైడ్రాయిడ్ లాంటి యాప్‌లో గానీ, బ్రౌజర్‌లో గూగుల్ కొల్యాబ్‌లో గానీ మొదలుపెట్టొచ్చు. ఫోన్ కీబోర్డులో బ్రేసుల కోసం రెండు పేజీలు తిప్పాలి, పైథాన్‌లో ఆ బెడద తక్కువన్నది పుస్తకాల్లో రాయని కారణం. వెబ్ పేజీలు చేయాలని మనసుంటే జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు, ‘112’ సంగతి గుర్తుంటే చాలు. జావా మూడోదిగా నేర్చుకుంటే నయం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో సి లాంటి వాటి మీద తెలుగు ఆడియోతో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అవి చూసినవాళ్లు మన దగ్గర తక్కువ.

కాలేజీ తెరిచాక ఎలాగూ సి వస్తుంది. అప్పటికి పైథాన్‌లో ఇఫ్, లూప్, ఫంక్షన్ చేతికి అలవాటైతే ల్యాబ్‌లో ఇచ్చిన ప్రతి లెక్కనూ ముందు పైథాన్‌లో రాసుకుని, సమాధానం సరిచూసుకుని, తర్వాత సి లోకి మార్చుకోవచ్చు. అప్పుడు తప్పు లాజిక్‌లో ఉందా, సెమికోలన్‌లో ఉందా అన్న అనుమానం సగం తీరుతుంది. నీలి తెర వదిలేసి జీసీసీ వాడండి. కంపైల్ చేసేటప్పుడు ‘డాష్ డబ్ల్యూ ఆల్’, ‘డాష్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా’ అనే రెండు సూచనలు చేరిస్తే మరిచిన యాండ్ గుర్తును, ఎల్స్ పక్కన నక్కిన సెమికోలన్‌ను అది ముందే పట్టిస్తుంది. ఇఫ్‌ల వరస తారుమారైతే మాత్రం పట్టించదు. దానికి 11.74, 11.75, 13.75, 18 ఇచ్చి నాలుగుసార్లు రన్ చేసి చూసుకోవాలి. ల్యాబ్ రికార్డులో ఒక ఔట్‌పుట్ అతికిస్తే చాలంటారు. మీరు నాలుగూ అతికించండి.